అరవై కిలోమీటర్ల కోడికూర

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఊడి ఇదిగో ఈ చేటలో పడిపోవాలి. పడ్డాయా? పడలేదు కదా. అయితే నమ్మాల్సిందే. వెనకాల కూచుని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నవ్వితే నాకు ఊళ్ళ పేర్లు తప్పిపోతాయి. మాస్టారూ, మీరు రాసుకోండి. నేను ఎంతంటే అంతే రాయండి, ఒక్క పిసరు తగ్గించొద్దు.

లోవరాజని ఒక లారీ డ్రైవరు. మాది యలమంచిలి దగ్గర రోడ్డుకి ఆనుకున్న ఊరా, వాడిదీ అదే ఊరు, నాకు కొడుకు వరస. మనిషి ఎలా ఉండేవాడంటే, కుడిచెయ్యి కాకి నలుపు, ఎడంచెయ్యి కొంగ తెలుపు. ఎందుకనుకున్నారు? పదిహేనేళ్ళు కుడిచెయ్యి కిటికీ బయట పెట్టి తోలాడు మరి, దేశంలో ఎండంతా ఆ ఒక్క చేతికే తగిలింది. దూరం నించి చూస్తే ఇద్దరు మనుషుల్ని నిలువునా కోసి అటు సగం ఇటు సగం కలిపి కుట్టినట్టుండేవాడు. అనకాపల్లిలో బెల్లం ఎత్తితే మద్రాసులో దించేవాడు, మద్రాసులో ఎత్తింది ఢిల్లీలో దించేవాడు, ఢిల్లీలో ఎత్తింది గౌహతిలో దించి, అక్కణ్ణించి మళ్ళీ ఇంటికి. నలభై రోజులకోసారి మొహం చూపించేవాడు. స్నానం పెట్రోలు బంకులో కొళాయి కింద, గడ్డం గీసుకునేది లారీ సైడు అద్దంలో చూసుకుని, లుంగీ ఉతికి వెనకాల తాడుకి కడితే ఒంగోలు వచ్చేసరికి ఆరిపోయేది, నెల్లూరు వచ్చేసరికి ఆ గాలికి ఇస్త్రీ కూడా అయిపోయేదంట. రోజుకి నాలుగు మాట్లు దిగి ఇనపరాడ్డుతో టైర్లన్నీ కొట్టి చెవి పెట్టి వినేవాడు, గాలి తగ్గిందో లేదో ఆ చప్పుడే చెప్పేస్తది. అలవాటైపోయి ఇంటికొస్తే నా గుమ్మడికాయల్ని కూడా కొట్టి చూసేవాడనుకో.

ఇక వాడి వంట. హోటలు తిండి పడదు వాడికి, వండుకోవాలి. ఆగితేనేమో లోడు ఆలస్యమైపోద్ది. అందుకని ఏం చేసేవాడంటే, క్యాబిన్లో డ్రైవరు పక్కన ఇంజిను ఉంటది కదా, దాని మీద రేకు మూత, అది కాలి కాలి దోసెల పెనంలా ఉంటది, దాని మీద సత్తుగిన్నె పెట్టేవాడు. మూత ఎగరకుండా పాత ట్యూబు కోసిన ముక్కతో బిగించి కట్టేవాడు. బండి పోతా ఉంటది, కూర ఉడకతా ఉంటది. గరిటె ఎందుకు, రోడ్డు నిండా గుంతలున్నాయి కదా! చిన్న గుంతైతే పైపైన కలిసేది, పెద్ద గుంతైతే అడుగు దాకా. మరి ఉడికిందని ఎలా తెలుస్తది? కిలోమీటరు రాళ్ళు. గుడ్లు ఎనిమిది కిలోమీటర్లు, అన్నం పదిహేను, పప్పు ముప్పై, నాటుకోడి అరవై. వంకాయకైతే ఒక రైల్వే గేటు దగ్గర నిలబడినా చాలు. ఘాట్ రోడ్డు ఎక్కితే ఇంజిను మరీ వేడెక్కుద్ది కాబట్టి అక్కడ సగం లెక్క. ఆ కోడికూర వాసనకి ఎదురొచ్చే లారీలు వెనక్కి తిరిగి వాడి వెంట పడేవి. ఒకమాటు నలభై లారీలు అలా వెంటపడి విజయవాడ దాకా వచ్చేశాయి, వాటిల్లో సగం కలకత్తా పోవాల్సినవంట. ఏంటమ్మా, మొహం అలా పెట్టావు? పళ్ళు చూడు, ఉన్నాయి.

అన్నీ బాగున్నాయి గానీ పెళ్ళి కాలేదు. ముప్పై అయిదొచ్చేశాయి. ఇరవై రెండిళ్ళు తిప్పాను నేను వాణ్ణి. ఏ ఇంట్లో చూడు, లారీ డ్రైవరా, నలభై రోజులకోసారొస్తాడా, మా పిల్ల గోడతో కాపరం చెయ్యాలా అనేవాళ్ళు. ఇరవై మూడో ఇల్లు గవరయ్యది. గవరయ్య ఎవరంటే వంటల మేస్త్రి. పెళ్ళిళ్ళకి గాడిపొయ్యి తవ్వి వెయ్యి విస్తళ్ళకి వండే మనిషి. నాలిక ఎలాంటిదంటే, పక్కూళ్ళో సాంబార్లో ఉప్పు తగ్గితే ఈయనకి ఇక్కడ మెలకువ వచ్చేసేది. పుట్టి బుద్ధెరిగాక ఇంకోళ్ళు వండింది బాగుందన్న పాపాన పోలేదు. సొంత తల్లి వండిన పప్పుని కూడా తినగలిగేలా ఉందన్నాడంట, అదే ఆవిడకి పెద్ద సన్మానం. అలాంటోడికి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆ పిల్లకి వంట రాదు. వస్తే వింత! పొయ్యి దగ్గరికొస్తే ఈయన ఒప్పుకోడు కదా. ఆ పిల్లకి ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా పాలు కాచడం కూడా చేతకాదనుకో. ఈయన వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడు, మా పిల్లకి వంట రాదు, చేసుకునేవాడు వండి పెట్టాలి, ఆ వంట ముందు నేను తినాలి. అంతే, వచ్చినోళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా పోయేవాళ్ళు.

నేను మావాడి సంగతి చెప్పాను. నూకరత్నం కిటికీలోంచి వింటా ఉంది. ఏమైందంటే, ఆ పిల్ల అంతకుముందే వీణ్ణి చూసింది. కాలవ దగ్గర లారీ కడుక్కుంటా, అద్దాలూ లైట్లూ తుడిచి, లారీ మూతి మీద చెయ్యేసి అలిసిపోయావా అని అడిగాడంట లారీని. ఇనప బండిని అలా అడిగేవాడు నన్ను అడగడా అనుకుందంట. అది తర్వాత నాకు చెప్పింది లెండి. అప్పుడు మాత్రం వాళ్ళ నాన్నతో ఆయన్ని పిలు నాన్నా అంది, అంతే. గవరయ్య సరే రమ్మను అన్నాడు. కానీ ఎల్లుండి తునిలో కిరాణా కొట్టు సంబంధం వాళ్ళొస్తున్నారు, వాళ్ళు వంటమనిషిని పెట్టుకుంటామంటున్నారు, ఆలోపు ఈ డ్రైవరు తేల్చుకోవాలి అన్నాడు. ఆ కొట్టాయనకి పిల్ల కంటే ముందు పిల్ల వాళ్ళ ఇల్లు నచ్చిందని ఊరందరికీ తెలుసు. ఇటు చూస్తే లోవరాజు బెల్లం లోడు మర్నాడే మద్రాసు బయల్దేరాలి, పోతే మళ్ళీ నలభై రోజులు. అంటే ఒకటే పూట ఉంది వాడికి. పిన్నీ, ఇది తప్పితే నేనీ స్టీరింగుకే తాళి కట్టుకోవాలి అన్నాడు నాతో.

మర్నాడు పొద్దున్నే లోడుతోనే వచ్చాడు. లారీ వీధిలో పెట్టి, తెల్ల చొక్కా వేసుకుని, పెరట్లోకి వెళ్ళాడు. గవరయ్య పొయ్యి చూపించాడు, పుంజుని ఇచ్చాడు, చేతులు కట్టుకుని పీట మీద కూచున్నాడు. ఊళ్ళో సగం మంది గోడల మీద. మావాడు పుంజుని కోశాడు, ముక్కలు కొట్టాడు, మసాలా నూరి పట్టించాడు, అక్కడిదాకా మహారాజులా చేశాడు. గిన్నె పొయ్యి మీద పెట్టి మూతకి ట్యూబు ముక్క కట్టాడు. కట్టి, గొంతుక్కూచుని అటు చూశాడు, ఇటు చూశాడు. మావా, ఇప్పుడెక్కడున్నాం? అన్నాడు. గవరయ్య బిత్తరపోయి, మా పెరట్లో ఉన్నాంరా అన్నాడు. అది కాదు మావా, ఎన్నో కిలోమీటర్లో ఉన్నాం? అన్నాడు వీడు. ఉన్నచోటే ఉన్నాం కదరా! అన్నాడాయన. ఉన్నచోటే ఉంటే ఎలా ఉడుకుద్ది మావా? అని లేచాడు. లేచి ఏం చేశాడో తెలుసా, ఇంటి చుట్టూ పరిగెత్తడం మొదలెట్టాడు. చుట్టు తిరిగితే యాభై బారలు, అరవై కిలోమీటర్లంటే ఎన్ని చుట్లవుతాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటా ఉరుకుతున్నాడు. పది చుట్లకోసారి వచ్చి గిన్నె ఎత్తి గడగడా ఊపి మళ్ళీ పెడతాడు. గరిటెందుకు వాడవురా అంటే, ఇది గుంత మావా అంటాడు. నలభయ్యో చుట్టులో గోడ మీద వాళ్ళే, నాయనా మాడిపోతోంది అని అరిచారు. మూత తీస్తే కూర లేదు, బొగ్గుంది. గవరయ్య దాన్ని కుక్కకి వేశాడు. కుక్క వాసన చూసి, నా మీద నీకేటి కోపం అన్నట్టు ఆయన మొహంలోకి చూసి వెళ్ళిపోయింది.

ఇంక చూడాలి గవరయ్యని! ఏవమ్మా వదినా, నలభై లారీలు వెంటపడ్డాయన్నావు, ఇది చూసి వెంటపడ్డాయా, పట్టుకు తన్నడానికా? అన్నాడు నన్ను. నేను కొంగు నెత్తి మీదకి లాక్కున్నాను. లోవరాజు తల దించుకుని మసిబట్టతో చేతులు తుడుచుకుంటా, వస్తాను మావా, లోడు లేటవుతోంది అన్నాడు. అప్పుడు గుమ్మంలోంచి నూకరత్నం అంది కదా, నాన్నా, పెళ్ళివాళ్ళు గ్యాసు స్టవ్వు మీద వండమంటే నువ్వు వండుతావా? ఛీ, నేనెందుకు వండుతాను, నాకు గాడిపొయ్యి కావాలి అన్నాడు గవరయ్య. మరి నీ పొయ్యి నీకు కావాల్సినప్పుడు ఆయన పొయ్యి ఆయనకి వద్దా? అంది. గోడ మీదున్న జనం ఔనంటే ఔనన్నారు. గవరయ్య గడ్డం గోక్కున్నాడు. గోక్కుని, సరే, ఇంకో పుంజుంది. నేను గిన్నె పక్కనే కూచుంటాను, దార్లో ఏ హోటల్లోంచో తెచ్చి కలిపేస్తే నాకు తెలియదనుకోకు. అరవై అన్నావు, అరవయ్యో రాయి దగ్గర మూత తీస్తాను. ఉడికిందా, మాటాడుకుందాం. లేదా, అక్కడే దిగి నేనూ మా పిల్లా బస్సెక్కి వచ్చేస్తాం, నీ దారి మద్రాసుకి, మా దారి ఇంటికి అన్నాడు.

అలా బయల్దేరాం. బయల్దేరాం అంటున్నానేంటంటే నేను కూడా ఎక్కాను కాబట్టి. క్యాబిన్లో లోవరాజు, పక్కన గిన్నె, గిన్నె పక్కన గవరయ్య, కిటికీ దగ్గర నూకరత్నం. పైన బెల్లం మీద టార్పాలిను, టార్పాలిను మీద చుట్టాలం నూట నలభైమంది. సరే, మాస్టారూ, కొట్టేయకండి, పద్నాలుగనుకోండి. వైశాఖం ఎండ, కింద బెల్లం మెత్తబడిపోయి, ఎక్కడ కూచున్నవాళ్ళం అక్కడే అతుక్కుపోయాం. దిగేటప్పుడు మా ఆడపడుచుని లాగడానికి నలుగురు పట్టారు.

నూకరత్నం కిటికీలోంచి తల బయటపెట్టి రాళ్ళు చదవతా ఉంది. అయిదు! పదకొండు! అని అరుస్తా ఉంటే, లోవరాజు ఎడంచేత్తో మూత వారగా ఎత్తి పసుపేస్తాడు, కారం వేస్తాడు. ఒక్కో దినుసుకీ ఒక ఊరుంది వాడికి. నక్కపల్లి దాకా దివ్యంగా జరిగింది, రోడ్డు ముక్కలు ముక్కలుగా ఉంది, కూర తనంతట తనే కలుస్తా ఉంది. నక్కపల్లి దాటాక వచ్చిందండీ గండం. గండం అంటే గొయ్యి కాదు, గొయ్యి లేకపోవడం! ఆ వారంలోనే అక్కడ కొత్త తారు వేశారు. రోడ్డు ఎలా ఉందంటే, నున్నగా, పెరుగు తోడుకున్నట్టు. బండి పోతోందో లేదో తెలియట్లేదు. పైన మేమంతా ఆహా ఏం రోడ్డు, ఏం రోడ్డు అనుకుంటా ఉన్నాం. కింద లోవరాజుకి చెమటలు. కూర కదలట్లేదు కదా! కట్టిన మూత విప్పి గరిటె పెడదామంటే అక్కడ గరిటె అన్న వస్తువే లేదు. బండి ఆపి గిన్నె ఊపుదామంటే ఇంజిను చల్లారిపోద్ది. గవరయ్యకి ముక్కుంది కదా, అడుగంటబోతోందని ఆయనకి అందరికంటే ముందే తెలుసు. తెలిసీ ఆకాశం కేసి చూస్తా కూచున్నాడు.

నూకరత్నానికి వంట రాదు గానీ మాడు వాసన తెలుసు, పొద్దున్నే ఒకటి పీల్చింది కదా. ఏటండీ, అడుగు పట్టేలా ఉంది అంది. రోడ్డు బాగుంది, ఏం చెయ్యను? అన్నాడు వీడు ఏడుపు గొంతుతో. ఆ పిల్ల బయటికి చూసింది. తారు పక్కన మట్టి మార్జిను ఉంది, దున్నిన చేనులా. రోడ్డు బాగుంటే బాగులేని చోటికి దింపండి, అదిగో ఎడం పక్క! అంది. మావాడు ఆ పిల్ల కేసి ఒక్క చూపు చూశాడంట, అమ్మా, ఆ చూపు నేను చూడలేదు గానీ గవరయ్య చూసి దగ్గాడు. చూసి, ఎడం చక్రాలు మట్టిలోకి దింపేశాడు. ఇంక చూసుకో! లారీ గేదె ఒళ్ళు విదిలించినట్టు విదిలించుకుంటా పోతోంది. కింద గిన్నె గళ్ళు గళ్ళు, పైన మేము డబ్ డబ్. నా కొప్పు ఊడిపోయింది, మా తోటికోడలు ముక్కుపుడక ఇప్పటికీ దొరకలేదు, మా బావగారు గాల్లోకి లేచి దిగేలోపు ముందుకి రెండు బారలు జరిగిపోయారు. పాయకరావుపేట వరకూ అదే తంతు. కానీ కూర బతికింది. వాసన మారింది. గవరయ్య ముక్కుపుటాలు కుందేలుకి ఆడినట్టు ఆడాయి.

తుని వంతెన మీద ఉప్పు వేశాడు. వంతెన దాటగానే అడ్డంగా తాడు కట్టి ఒక ఖాకీ చొక్కా ఆయన నిలబడ్డాడు. ఆపాడు. లోడేటి? అన్నాడు. బెల్లం అన్నాడు లోవరాజు. మీద ఉన్నదేటి? అన్నాడు. నేను పైనించి, ఈగలం బాబూ, బెల్లం మీద వాలాం అన్నాను. ఆయన నవ్వలేదు, కాయితాలు చూపించు, ఇంజిను కట్టెయ్ అన్నాడు. అప్పుడేమైందంటే, గవరయ్య, చేతులు కట్టుకు కూచున్న మనిషి, కూతుర్ని దాటి కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చేసి, కట్టెయ్యడానికి వీల్లేదయ్యా! ముక్క సగం ఉడికింది, ఇప్పుడు చల్లారితే చెప్పు తోలైపోద్ది, నా కూతురి పెళ్ళి లోపల ఉడకతా ఉంది! అని అరిచాడు. ఆ అరుపుకి ఆ ఖాకీ ఆయన ఉలిక్కిపడి, తల లోపల పెట్టి, గిన్నె చూసి, కళ్ళు మూసుకుని ఒక్క పీల్పు పీల్చి, ఏ ఊళ్ళో ఉడుకుద్దిది? అని అడిగాడు. అన్నవరం దగ్గర అన్నాడు లోవరాజు. ముందు పైనున్న ఈళ్ళని బస్సెక్కించు అక్కడ, అంటా తాడు ఆయనే విప్పేశాడు. నూకరత్నం లోవరాజు కేసి చూసింది, లోవరాజు రోడ్డు కేసి చూశాడు. ఇద్దరికీ అర్థమైంది గానీ గవరయ్యకి మాత్రం తన నోట్లోంచి ఏమొచ్చిందో అర్థం కాలేదు.

యాభై ఎనిమిది! యాభై తొమ్మిది! ఇప్పుడు పైన మేమందరం కూడా కలిసి అరుస్తున్నాం. అరవై! లారీ పక్కకి దిగింది. అన్నవరం కొండ అక్కడే కనిపిస్తా ఉంది. మేము దిగేవాళ్ళం దిగాం, అతుక్కున్నవాళ్ళం తలలు వేలాడేసి చూస్తున్నాం. గవరయ్య ట్యూబు ముక్క విప్పాడు. మూత తీశాడు. ఆవిరి పొగ మొహాన్ని కప్పేసింది. ఒక ముక్క తీసి రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. నలగలేదు. మళ్ళీ నొక్కాడు. రబ్బరు. ముదురు పుంజు అది, ఆయనిచ్చిందే! పంటి కింద పెట్టాడు, తియ్యలేక తియ్యలేక బయటికి తీశాడు. లోవరాజు నల్ల చెయ్యీ తెల్ల చెయ్యీ రెండూ స్టీరింగు మీద పెట్టి, వాటి మీద తల పెట్టేశాడు. ఉడకలేదు మావా, అరవై అన్నాను, అరవై అయిపోయింది, అదిగో బస్సు వస్తోంది అన్నాడు. వీడిదేం మనిషండీ, ఉడికింది, పళ్ళు గట్టిగా నొక్కు అని దబాయించొచ్చు కదా, నేనైతే దబాయించేదాన్ని! నూకరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ తలుపు మాత్రం తియ్యలేదు, గడి మీద చెయ్యి అలాగే బిగించి పట్టుకుంది.

బస్సు వచ్చింది, ఆగింది, కండక్టరు అన్నవరం, తుని అని అరిచాడు. గవరయ్య బస్సుకేసి చూడనే లేదు. గిన్నెలోకే చూస్తా, పులుసు ఒక బొట్టు అరచేతిలో వేసుకుని నాకి, మూత పెట్టి, ట్యూబు ముక్క తన చేత్తోనే బిగించి కట్టి, బండెందుకాపావురా? అన్నాడు. అరవై అయింది మావా అన్నాడు వీడు. పుంజు ముదురని కనపడట్లేదా, ఇది ఇంకో పది కిలోమీటర్ల కూర. కత్తిపూడి దాకా పోనియ్యి. అవతల రోడ్డు నున్నగా ఉంటే మట్టిలోకి దింపు. పోనియ్యి అల్లుడూ, ఇంజిను చల్లారిపోతోంది! అన్నాడు.

అల్లుడన్నాడు! కిలోమీటర్లన్నాడు! పైన మేము కేకలేసిన కేకలకి అన్నవరం కొండ మీద గంటలు వాటంతటవే మోగాయి. కత్తిపూడిలో ఒక మామిడితోట పక్కన ఆపి, విస్తళ్ళు కొనుక్కొచ్చి, పద్నాలుగుమందిమి, డ్రైవరుతో, గవరయ్యతో, పెళ్ళికూతురితో కలిసి తిన్నాం. ఆ ఒక్క పుంజూ అందరికీ సరిపోయి మిగిలింది కూడా. గవరయ్య మూడు మాట్లు వేయించుకున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, ఉప్పు తుని వంతెన మీద కాదు, పాయకరావుపేటలోనే పడాలి అన్నాడు. ఆయన నోట్లోంచి అంతకంటే పెద్ద పొగడ్త పుట్టలేదు, ఇక పుట్టదు కూడా. లోవరాజు మద్రాసు వెళ్ళిపోయాడు, మేము బస్సులో వచ్చేశాం, నలభై రోజులకి పెళ్ళి. నూకరత్నం గోడతో కాపరం చెయ్యలేదు, ఆ కిటికీ పక్కనే కూచుంది, రాళ్ళు చదవడానికి. ఇప్పటికీ అక్కడే. పాత లారీయే, అమ్మరు వాళ్ళు, కొత్త లారీల్లో గిన్నె కుదురుగా కూచోదంట. గవరయ్య పోయేముందు కూడా, ఏమన్నా తినాలనుందా నాన్నా అంటే, కత్తిపూడి దాకా తీసుకెళ్ళు అన్నాడంట. ఇదండీ సంగతి. నాకు తెలిసి లోకంలో పెళ్ళిళ్ళన్నీ అక్కడో ఇక్కడో సగం ఉడికినవే, ఇంకో పది కిలోమీటర్లు పోనిచ్చే మనిషి పక్కనుండాలంతే.

మాస్టారూ, ఆ పుస్తకం మూసి లేవండి. నమ్మలేదని మీ మొహమే చెప్తోంది. ఆ ఇద్దరూ అనకాపల్లిలో లోడెత్తి ఇవాళ ఇటే వస్తారు, నాకు కబురొచ్చింది. ఇదిగో, ఈ గిన్నె పట్టుకుని రోడ్డు మీద నిలబడండి. పెద్దదేం కాదు, మీ ఒక్క చేత్తో మొయ్యగలరు. కుడిచెయ్యి నల్లగా కిటికీ బయట కనపడగానే చెయ్యెత్తండి, అప్పయ్యమ్మ పిన్ని పంపింది, మెడ ముక్కలు వద్దంట అని చెప్పండి. ముందు ఒక ముక్క నొక్కి చూసుకోండి మాత్రం. నలిగితే తెచ్చెయ్యండి. నలక్కపోతే మీరూ గిన్నెతో లారీ ఎక్కెయ్యండి, ఎక్కడ ఉడికితే అక్కడ దిగి బస్సులో రండి. బస్సు చార్జీ మీదే.